ఎనభై ఏడో వంతు పెళ్ళికొడుకు

"ఈ బస్సులోకి మనిషి ఎలా ఎక్కాలో కాస్త చూపిస్తారా?"

షాపులోకి విసురుగా వచ్చిన అమ్మాయి, పలకరింపూ గిలకరింపూ లేకుండా అడిగిన మొదటి మాట అది. ఎర్రటి బొమ్మ బస్సొకటి ఠకీమని కౌంటరు మీద పెట్టింది. దాని పక్కన చిటికెన వేలి కణుపంత మనిషి బొమ్మని మాత్రం ఎంతో మర్యాదగా నిలబెట్టింది.

కౌంటరు వెనకున్న కుర్రాడు మెడ వంచి చూశాడు. వీధి వీధంతా అతన్ని నిచ్చెన అంటుంది. ఆరడుగుల పైచిలుకు మనిషిని, పై అరల్లో సామాన్లు స్టూలు లేకుండా తీసిచ్చే మనిషిని ఇంకేమంటారు? ఆ పైచిలుకు ఎంతో మాత్రం ఎవరికీ తెలీదు, అతనికే తెలీదు. ఎప్పుడు చూసినా ప్రశ్నార్థకంలా వంగే ఉంటాడు. పాత బొమ్మ కార్లూ లారీలూ కొని, తుడిచి, చక్రాలు బిగించి అమ్మడం అతని వ్యాపారం. ప్లాస్టిక్కువి కావు, లోహంతో పోతపోసినవి. చేతిలో పట్టుకుంటే ఉన్నాయని తెలిసేవి.

"తలుపు తెరుచుకోదండీ, బొమ్మ కదా," అన్నాడు నిచ్చెన.

"తలుపు సంగతి తర్వాత. బస్సు టాపు ఎక్కడిదాకా వచ్చింది?"

"మనిషి నెత్తిదాకా."

"మరి లోపలికి ఎలా వెళ్ళాలి?"

నిచ్చెన నిజాయితీగా ఆలోచించాడు. "పాక్కుంటూ?"

ఆ అమ్మాయి గుడ్లురిమింది. "మొన్న ఈ బస్సు కొనుక్కెళ్ళినాయన గుర్తున్నారా? కళ్ళద్దాల షాపాయన. బొమ్మ రైలు పక్కన పెట్టుకోవచ్చా అని అడిగితే ఏం చెప్పారు మీరు?"

"భేషుగ్గా ఉంటుందని చెప్పాను."

"ఆయన మా నాన్న. భేషుగ్గా తీసుకెళ్ళి స్టేషన్ బయట పెట్టుకున్నారు. అప్పట్నుంచీ అన్నం సయించడం లేదు. 'నా ఊరి జనం పాకుతున్నారే' అని ఒకటే బాధ."

తప్పు చేశానేమోనని నిచ్చెనకి మొహం చిన్నబోయింది. బస్సు వెనక్కి తీసుకుని, అదే కంపెనీ కారొకటి ఇచ్చాడు. ఆ అమ్మాయి సంచిలోంచి వెర్నియర్ కాలిపర్స్ తీసింది. బడి వదిలాక అలాంటి వస్తువుని మళ్ళీ చూస్తానని అతను కలలో కూడా అనుకోలేదు. ఒక కన్ను మూసి, పెదవి కొరికి, కారు ఎత్తు కొలిచింది. మనిషి బొమ్మ ఎత్తు కొలిచింది.

"బస్సేమో మనిషంత. కారేమో మనిషి కంటే ఎత్తు. బస్సూ కారూ ఒకే పొడవు. ఏ లోకంలో బళ్ళండీ ఇవి?"

"అన్నీ ఒకే సైజు డబ్బాలో పట్టాలి కదండీ. అందుకని కంపెనీవాళ్ళు బస్సుని బాగా కుదించేస్తారు, కారుని అంతగా కుదించరు."

"మా నాన్న ఊరు డబ్బాలో పట్టడానికి లేదు. అక్కడ ప్రతీదీ అసలుదాంట్లో ఎనభై ఏడో వంతు. రైలూ, స్టేషనూ, స్తంభం, కుక్క. కుక్కని కూడా కొలిచే పెట్టాం."

మనిషి బొమ్మని రుమాల్లో చుట్టుకుని గుమ్మందాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "బస్సు మీ దగ్గరే ఉంచుకోండి. జనం పాకే ఊరేదైనా తగిలితే అమ్ముకోండి."

వెళ్ళిపోయింది. నిచ్చెన అలా నోరు తెరుచుకునే ఉండిపోయాడు. ఒక కన్ను మూసి కొలుస్తున్నప్పుడు తెరిచి ఉన్న ఆ రెండో కన్ను ఎంత బాగుందో అతనికి అప్పుడప్పుడే తలకెక్కుతోంది. ఆ సాయంత్రం షాపు పెందరాళే మూసేసి, ఊరంతా తిరిగి ఒక వెర్నియర్ కాలిపర్స్ కొనుక్కున్నాడు. ప్రేమలో పడ్డవాళ్ళు పూలు కొంటారు, సెంటు కొంటారు. వీడు కొలబద్ద కొన్నాడు.

* * *

నాలుగు రోజులు షాపులో బేరాలు లేవు, కొలతలే. కనిపించిన ప్రతి బండినీ కొలిచి, అసలు బండి పొడవుతో భాగించి, నిచ్చెన ఒక సత్యం కనిపెట్టాడు. డబ్బాల కంపెనీ బొమ్మలన్నీ ఏడు సెంటీమీటర్లు. కాబట్టి నిజంగా ఆరు మీటర్లుండే బండి ఏదైనా ఆ డబ్బాలో పడితే, అది అచ్చంగా ఎనభై ఏడో వంతు! కారు కాదు, బస్సు కాదు, ఆ రెండిటి మధ్యనున్న బండి కావాలి.

అలాంటి బండి మొదట దొరికింది అంబులెన్సు.

దాన్ని పట్టుకుని ఆ అమ్మాయి పనిచేసే చోటికే వెళ్ళాడు. ఆమె పనిచేసేది కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో. గదినిండా ట్రేలు, ట్రేల నిండా పళ్ళు. కిటికీ పక్కన కూర్చుని ఎవరిదో పన్నుకి సన్నటి కుంచెతో పసుపుచాయ వేస్తోంది. ఆ వేళ్ళని చూసి నిచ్చెన మనసులోనే ఆమెకి పళ్ళమ్మాయి అని పేరు పెట్టేసుకున్నాడు.

"పన్నుకి పసుపెందుకండీ?"

"ఆయన మిగతా పళ్ళు పసుపు. ఇదొక్కటే తెల్లగా ఉంటే నోట్లో ట్యూబ్‌లైటు పెట్టుకున్నట్టుంటుంది," అంది తలెత్తకుండా. తలెత్తాక, "మీరా!" అంది.

అంబులెన్సు చేతికిచ్చాడు. ఆమె కాలిపర్స్ తీసింది. అతనూ జేబులోంచి తనది తీశాడు. ఆమె అతని చేతిలోని కాలిపర్స్ వంక చూసింది, అతని వంక చూసింది, మళ్ళీ కాలిపర్స్ వంక చూసింది. నవ్వు ఆపుకోడానికి బల్ల కింద ఏదో పడిపోయినట్టు వంగింది.

"సరిపోయింది," అంది లేచి. "ఇలాంటివి ఇంకా ఉన్నాయా?"

అడక్క అడక్క ఆ మాట అడిగింది. ఇక చూస్కోండి. సోమవారం పాల వ్యాను. బుధవారం చెత్త బండి. శుక్రవారం మళ్ళీ అంబులెన్సు, ఈసారి పచ్చ గీతలది. మధ్యాహ్నం భోజనాల వేళకి నిచ్చెన ల్యాబు గుమ్మంలో తల వంచుకుని ప్రత్యక్షం. తోటి అమ్మాయిలు, "ఏమే, మీ ఎమర్జెన్సీ వచ్చింది," అని కేకేసేవాళ్ళు.

వచ్చిన చిక్కల్లా ఏంటంటే, ఆరు మీటర్ల బళ్ళన్నీ ఆ కోవకి చెందినవే. కారన్నది లేకుండా ఆ బుజ్జి ఊరు అంబులెన్సులతో, చెత్త బళ్ళతో నిండిపోయింది. ఆఖరికి పళ్ళమ్మాయి వాళ్ళమ్మగారు మేడ మీదకి బట్టలు ఆరెయ్యడానికి వెళ్తూ రైలు గదిలోకి తొంగిచూసి, "ఏవండీ, ఊళ్ళో జనం ముప్పై మంది, అంబులెన్సులు పదకొండు. ఏం రోగమొచ్చిందండీ వీళ్ళకి?" అని అడిగారట.

"మీ నాన్నగారేమన్నారు?" అన్నాడు నిచ్చెన భయంగా.

"స్కేలు తప్పి ఆరోగ్యంగా ఉండేకంటే ఇదే నయం అన్నారు."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. 'మీరు' అన్న మాట ఆ నవ్వులో ఎక్కడో జారిపోయింది. తర్వాత ఎవరూ వెతుక్కోలేదు.

* * *

ఒకరోజు ల్యాబు నుంచి బయటికి వచ్చేసరికి వాన దంచి కొడుతోంది. గొడుగు ఒక్కటే ఉంది, అది నిచ్చెనది. అతను తన ఎత్తులో పట్టుకుంటే వాన పక్కనుంచి వచ్చి ఆమెని తడిపేస్తోంది. ఆమె ఎత్తుకి దించితే గొడుగు కమ్మీలు అతని చెవుల్లో గుచ్చుకుంటున్నాయి. చివరికి నడుం మడిచి, మోకాళ్ళు మడిచి, మడత కుర్చీలాగా నడవడం మొదలుపెట్టాడు.

"ఎందుకలా వంగిపోతావ్?" అంది పళ్ళమ్మాయి.

"అలవాటు."

"వాన లేనప్పుడు కూడా వంగే ఉంటావు."

నిచ్చెన గొడుగు ఆమె వైపు ఇంకాస్త వంచాడు.

"చిన్నప్పట్నుంచీ అందరూ ఒకటే మాట. క్లాసు ఫోటోలో 'నువ్వు వెనక్కి పో'. సినిమా హాల్లో 'ఏయ్, తల దించు'. బస్సులో 'బాబూ, కాస్త అటు'. ఏదో ఒకటి ఎవరికో ఒకరికి అడ్డం. మనమే కాస్త తగ్గితే పోయేదేముంది అనిపించింది. తగ్గాను. అంతే."

ఆమె ఆగిపోయింది. వానలో తడుస్తూనే అతన్ని కింది నుంచి పైదాకా చూసింది, కాలిపర్స్ లేకుండా.

"నీ బొమ్మ చేస్తాను," అంది.

"చెయ్యి. బాగా వస్తే షాపులో పెట్టుకుంటాను."

"షాపులోనా?" అంది. మొహం జేవురించింది. "షాపులో పెట్టుకుంటాడట!" గొడుగులోంచి బయటికెళ్ళి గబగబా నడిచింది. నిచ్చెనకి ఏమీ అర్థం కాలేదు. ఒక్క అంగలో అందుకున్నాడు. కాళ్ళు పొడుగైనందుకు అతను సంతోషించిన మొదటి రోజు అదే.

"ఏమన్నాను నేను?"

"మా ఇంట్లో బొమ్మ చెయ్యడమంటే ఏంటో తెలుసా నీకు?"

తెలీదు. చెప్పింది. వాళ్ళింట్లో సంబంధం వస్తే ఫోటో చూడరు. పెళ్ళికొడుకు బొమ్మని ఎనభై ఏడో వంతులో చేసి, నాన్నగారి రైల్వే ప్లాట్‌ఫారం మీద, ఇంటివాళ్ళందరి బొమ్మల పక్కన నిలబెడతారు. అక్కడ నప్పితే సంబంధం ఖాయం. అమ్మానాన్నల పెళ్ళి కూడా అమ్మ బొమ్మని అలాగే నిలబెట్టి చూశాకే కుదిరింది. బ్యాంకు ఉద్యోగి బొమ్మ ఒకటి వచ్చింది, రైలు కదిలినప్పుడల్లా పడిపోయేది. ఇంకో ఆయన బొమ్మ బాగానే నిలబడింది గానీ, ఎంత తిప్పి పెట్టినా మామగారికి వీపు చూపిస్తున్నట్టే ఉండేది. రెండూ తప్పిపోయాయి.

"ఇంతవరకూ అవన్నీ నాన్న చేయమంటే చేశాను," అంది పళ్ళమ్మాయి నేల చూపులు చూస్తూ. "ఎవరూ అడక్కుండా నేను చేస్తానన్నది ఇదే."

నిచ్చెన చేతిలో గొడుగు ఎటుపోయిందో అతనికి తెలీదు. ఇద్దరూ నిలువునా తడిసిపోయారు.

"కొలతలు తీసుకో మరి," అన్నాడు.

"అక్కర్లేదు. మొన్న ల్యాబులో పై అరలోంచి మాకు డబ్బా దించావు చూడు, అప్పుడొక్క క్షణం పూర్తిగా నిలబడ్డావు. నేను చూశాను. ఒకసారి చూస్తే చాలు నాకు."

* * *

వారం తిరక్కుండా కబురొచ్చింది. "నాన్న రమ్మన్నారు. బొమ్మ విషయం."

నిచ్చెన ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. కింద కళ్ళద్దాల షాపు, మధ్యలో ఇల్లు, పైన రైలు గది. ఆ గది కప్పు ఎంత కిందికి ఉందంటే అతను మెడా నడుమూ రెండూ వంచితేగానీ లోపల నిలబడలేకపోయాడు. గదినిండా పరుచుకున్న బల్ల మీద ఊరు, ఊరి మధ్యలో స్టేషను. వీధివాళ్ళు పళ్ళమ్మాయి నాన్నని స్టేషన్ మాస్టరని ఎందుకంటారో చూడగానే తెలిసిపోయింది. ఆయన తెల్ల కాగితం మీద నిచ్చెన బొమ్మని పెట్టి, పక్కన కాలిపర్స్ పెట్టి, కోర్టులో సాక్ష్యంలా చూస్తున్నారు.

బొమ్మని చూసి నిచ్చెనకి ఒళ్ళు ఝల్లుమంది. తనే. తన చొక్కా, తన చెవులు. కానీ నిటారుగా, గుండె విరుచుకుని, ఎవడి సొమ్మూ తినలేదన్నట్టు నిలబడి ఉన్నాడు. అలా ఉంటానని అతనికే తెలీదు.

"కూర్చో బాబూ," అన్నారు స్టేషన్ మాస్టరు. "నువ్వు మంచివాడివి. నీ అంబులెన్సులు నిక్కచ్చివి. కానీ ఈ బొమ్మ ఇరవై రెండు మిల్లీమీటర్ల పైన ఉంది."

"అంటే అంకుల్?"

"మా స్కేల్లో మామూలు మనిషి ఇరవై కూడా ఉండడు. ఇరవై రెండు ఎవరుంటారో తెలుసా? డెబ్బై ఆరో వంతు వాళ్ళు!" ఆ అంకె పలికేటప్పుడు ఆయన గొంతు తగ్గించారు. "అది వేరే స్కేలు బాబూ. వాళ్ళ రైళ్ళు వేరు, వాళ్ళ ఇళ్ళు వేరు. మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ డెబ్బై ఆరుని ప్లాట్‌ఫారం ఎక్కనివ్వలేదు."

"నాన్నా, అతను డెబ్బై ఆరు కాదు. ఎనభై ఏడే. పొడుగు, అంతే," అంది పళ్ళమ్మాయి.

"నాకు తెలుసు తల్లీ, ఎదురుగా కూర్చున్నాడు కదా. జడ్జికి ఎలా తెలుస్తుంది?"

ఆయన బాధంతా అక్కడుంది. ఆదివారం టౌన్ హాల్లో బొమ్మ రైళ్ళ పోటీ. కిందటేడు ఆయన ఊరు మొదటి బహుమతి అంచుదాకా వెళ్ళి, ఒక్క కారు పెద్దదైపోయిందని జడ్జి వేలు పెట్టి చూపించడంతో ఊడిపోయింది. నలుగురిలో తల కొట్టేసినట్టయింది. ఏడాదిపాటు ఆ కారు సంగతి ఎత్తితే ఆయన గదిలోంచి లేచి వెళ్ళిపోయేవారు. ఈసారి ప్లాట్‌ఫారం నడిబొడ్డున అల్లుడే స్కేలు తప్పినట్టు కనిపిస్తే?

"మళ్ళీ పోతే ఆ హాలు గుమ్మం తొక్కను నేను," అన్నారు. "ఇక రైళ్ళు కట్టిపెట్టేస్తాను." ఆ మాట నిజంగానే అన్నారని అందరికీ తెలిసింది.

"ఈ ఇంట్లో నేనొక్కదాన్నే అసలు సైజులో ఆలోచించేది," అన్నారు అమ్మగారు టీ కప్పులు పెడుతూ. "పిల్లాడు బాగున్నాడా లేదా అని చూడరు. మిల్లీమీటర్లు చూస్తారు."

స్టేషన్ మాస్టరు కాసేపు గడ్డం గోక్కుని, మొహం వెలిగిపోగా, "ఒక దారుంది. బెంచీ!" అన్నారు. "బాబు బొమ్మని బెంచీ మీద కూర్చోబెడదాం. కూర్చున్నవాడి ఎత్తు ఎవడడుగుతాడు? పోటీ పోదు, సంబంధమూ పోదు. ఏమంటావ్ బాబూ?"

"తప్పకుండా అంకుల్," అన్నాడు నిచ్చెన వెంటనే. "కూర్చుంటాను. నాకేం ఇబ్బంది లేదు."

పళ్ళమ్మాయి కాగితం మీది బొమ్మని తీసి గుప్పిట్లో పెట్టుకుని చరచరా మెట్లు దిగిపోయింది. నిచ్చెన వెనకే పరుగెత్తాడు. గుమ్మానికి తల కొట్టుకుంది కూడా.

"ఏమైంది? మీ నాన్న ఒప్పుకున్నారు కదా!"

"నాన్నని అనడం లేదు. నిన్ను అంటున్నా." కళ్ళనిండా నీళ్ళు. "ఎన్నాళ్ళు కూర్చుంటావు? పెళ్ళి పందిట్లో కూడా కూర్చునే ఉంటావా? రేపు నీ పక్కన నేను నడుస్తుంటే ఎవడో 'తల దించు' అంటే దించేస్తావా?"

"మీ నాన్నకి పోటీ ముఖ్యం. నాకు నువ్వు ముఖ్యం. కాస్త తగ్గితే..."

"తగ్గొద్దు!" అని అరిచింది. కింద కళ్ళ పరీక్షకొచ్చిన ముసలాయన ఉలిక్కిపడి పై వరసలో అక్షరాలు తప్పు చదివాడు. "నిలబడ్డ నిన్ను చూసి చేశాను నేను ఈ బొమ్మని. కూర్చున్నవాణ్ణి చెయ్యడం నాకు రాదు."

అంతే. ఆ తర్వాత నిచ్చెన ల్యాబుకి వెళ్తే పని ఎక్కువగా ఉందని చెప్పించింది. శుభ్రంగా ఆరు మీటర్ల పోస్టు వ్యాను దొరికింది, దాన్ని కొలవాలనిపించలేదు. అద్దంలో చూసుకుంటే అద్దంలోకి కూడా వంగే చూస్తున్నాడు. ఛీ అనిపించింది.

* * *

ఆదివారం టౌన్ హాలు కిటకిటలాడుతోంది. నిచ్చెన అందరి వెనకా నిలబడ్డాడు. మామూలుగానే వంగాడు. వంగినా అందరికంటే బాగా కనిపించేది అతనికే.

ఊరు కనిపించింది. స్టేషను కనిపించింది. బెంచీ ఖాళీగా ఉంది. ప్లాట్‌ఫారం మీద నాన్న బొమ్మ, అమ్మ బొమ్మ, పళ్ళమ్మాయి బొమ్మ. ఆమె పక్కనే, ఎవరికీ అడ్డం రాకుండా, ఎవరికీ తగ్గకుండా తన బొమ్మ నిలబడి ఉంది.

జడ్జి పక్క బల్ల దగ్గర్నుంచి ఇటు తిరుగుతున్నాడు. స్టేషన్ మాస్టరు చేతిలో చిన్న పట్టకారు ఉంది. ఆ చెయ్యి మెల్లగా ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళింది, ఆ పొడుగు బొమ్మ నెత్తిమీద ఆగింది. తీసేస్తే రెప్పపాటు పని. ఆయన కూతురి వంక చూశారు. పళ్ళమ్మాయి వద్దనీ అనలేదు, సరేననీ అనలేదు. పెదాలు బిగబట్టి నిలబడింది. ఆయన పట్టకారు జేబులో పెట్టేసుకుని, కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

జడ్జి వచ్చాడు. సన్నటి మనిషి, మెడలో భూతద్దం. అంబులెన్సులన్నీ చూసి, "అబ్బో," అన్నాడు. స్టేషను చూసి, "చక్కగా ఉంది," అన్నాడు. ప్లాట్‌ఫారం దగ్గర భూతద్దం ఆగిపోయింది.

"ఇదేంటండీ, మళ్ళీనా? ఇది డెబ్బై ఆరు బొమ్మ."

"ఎనభై ఏడేనండీ," అంది పళ్ళమ్మాయి.

"ఎనభై ఏడులో ఇంత పొడుగు మనిషి ఎవరుంటారమ్మా?"

హాల్లో అందరూ ఆ బొమ్మ వంకే చూస్తున్నారు. స్టేషన్ మాస్టరు చెవులు ఎర్రబడ్డాయి. నిచ్చెనకి ఆ క్షణంలో తట్టిన మొదటి పని ఇంకాస్త వంగి, జనంలో కలిసిపోయి, తలుపులోంచి బయటపడటం. రెండో పని చేశాడు.

"నేనున్నానండీ," అన్నాడు గట్టిగా. "అది నా బొమ్మే."

జనం దారిచ్చారు. జడ్జి ఎగాదిగా చూశాడు. "నోటిమాట చెల్లదు. కొలవాలి."

"కొలవండి," అన్నారు అమ్మగారు, చేతిసంచిలోంచి రెండు మీటర్ల కుట్టుపని టేపు తీసి.

టేపుంది, అందుకునేవాళ్ళే లేరు. హాలు కాపలాదారు ఒక స్టూలు తెచ్చి వేశాడు. పళ్ళమ్మాయి దానిమీదికి ఎక్కింది. టేపు ఒక కొస అతని మడమ దగ్గర అమ్మగారు పట్టుకున్నారు, రెండో కొస పళ్ళమ్మాయి అతని నెత్తిమీద ఆనించింది.

"నూట ఎనభై ఆరు," అని చదివాడు జడ్జి. ఫోనులో లెక్కేశాడు. "అంటే ఇరవై ఒకటిన్నర కూడా రాదు. బొమ్మ ఇరవై రెండు దాటింది. చూశారా, స్కేలు తప్పింది!"

పళ్ళమ్మాయి మొహం పాలిపోయింది. కొలవకుండా, ఒక్క చూపుతో నమ్మి చేసిన బొమ్మ అది. అతని చెవిలో మెల్లగా అంది, "నిటారుగా నిలబడు."

"నిలబడే ఉన్నాను."

"లేదు. పూర్తిగా. ఆ రోజు నిలబడ్డావే, అలాగ."

"వెనకున్నవాళ్ళకి అడ్డమొస్తానేమో."

"రానీ," అంది. "నాకోసం రానీ."

నిచ్చెన ఊపిరి పీల్చుకున్నాడు. మోకాళ్ళు సరిచేశాడు. నడుం సరిచేశాడు. ఏళ్ళ తరబడి మూలపెట్టిన భుజాలు కిర్రుమన్నాయి. మెడ లేచింది, గడ్డం లేచింది. వెనక ఎవరో, "ఏయ్, తల!" అన్నారు. అతను దించలేదు.

పైకి లేచిన ఆ మొహం తిన్నగా పళ్ళమ్మాయి మొహానికి ఎదురుగా వచ్చి ఆగింది. స్టూలు మీద ఆమె, నేల మీద అతను, ఇన్నాళ్ళకి కళ్ళూ కళ్ళూ ఒకే ఎత్తులో ఉన్నాయి. ఆమె కళ్ళు లేత గోధుమరంగని అతనికి ఇప్పుడే తెలిసింది. ఇన్నాళ్ళూ పైనుంచి రెప్పలే చూశాడు మరి.

"ఇంకెప్పుడూ కూర్చోను," అన్నాడు.

"ఊఁ."

"నువ్వంటే నాకు ప్రాణం. ఆ బస్సు పట్టుకుని పోట్లాటకొచ్చిన రోజు నుంచీ. పెళ్ళి చేసుకుందాం."

"ఇప్పుడా చెప్పేది? ఇంతమందిలోనా?"

"ఇప్పుడే కదా తిన్నగా చూసి చెప్పగలిగింది."

"నాకూ ప్రాణమే, మొద్దూ," అంది పళ్ళమ్మాయి. కన్నీళ్ళు బుగ్గల మీదికి జారుతున్నా తుడుచుకోలేదు. రెండు చేతులూ టేపు పట్టుకునే ఉన్నాయి.

జడ్జి దగ్గాడు. "అమ్మా, మీ విషయాలు తర్వాత. రీడింగెంత?"

"నూట తొంభై మూడు!" అన్నారు కింది నుంచి అమ్మగారు, మెడ రిక్కించి చూసి.

జడ్జి లెక్కేశాడు. మళ్ళీ లెక్కేశాడు. బొమ్మని కొలిచాడు, వెంట్రుకవాసి తేడా లేదు. హాలంతా చప్పట్లు. స్టేషన్ మాస్టరు గుండెల మీద చెయ్యి వేసుకున్నారు.

"కొలత సరిపోయింది, ఒప్పుకుంటాను," అన్నాడు జడ్జి, రూల్సు పుస్తకం తిరగేస్తూ. "కానీ చూసేవాళ్ళకి స్కేలు తప్పినట్టు అనిపించేది ఏదున్నా మార్కులు తగ్గించాలని ఉందండీ. చూసే ప్రతివాడికీ ఈ అబ్బాయిని తెచ్చి చూపించలేం కదా. ఆ ఒక్క బొమ్మ తీసేయండి. మొదటి బహుమతి మీదే."

నిచ్చెన వంగబోయాడు, అలవాటు కదా. పళ్ళమ్మాయి అతని గడ్డం కింద వేలు పెట్టి ఆపింది.

స్టేషన్ మాస్టరు తన ఊరి వంక చూసుకున్నారు. ఏడాదంతా కంటిమీద కునుకు లేకుండా కట్టుకున్న ఊరు. అందరి కళ్ళూ తనమీదే ఉన్నాయి, కిందటేడులాగే. ఆయన జేబులోంచి పట్టకారు తీశారు. తీసి, జడ్జి చేతిలో పెట్టారు.

"మార్కులు తగ్గించుకోండి సార్," అన్నారు. "మా అల్లుణ్ణి మాత్రం తగ్గించను."

అల్లుడన్న మాట విని అమ్మగారు టేపు వదిలేసి కొంగుతో కళ్ళొత్తుకున్నారు. జడ్జి పట్టకారు వంక చూసుకుని పక్క బల్లకి వెళ్ళిపోయాడు. స్టేషన్ మాస్టరు నిచ్చెన దగ్గరికొచ్చి భుజం తట్టబోయారు. చెయ్యి మోచేతి దాకానే అందింది. అక్కడే తట్టారు.

"మీ పెద్దవాళ్ళని ఎప్పుడు తీసుకొస్తావు బాబూ?"

"అక్కా బావా ఉన్నారండీ. రేపే తీసుకొస్తాను," అన్నాడు నిచ్చెన, ఆమె కళ్ళలోంచి చూపు తిప్పకుండానే.

జనం ఒక్కొక్కరే పక్క బల్లల వైపు కదిలారు. కాపలాదారు మాత్రం నిలబడే ఉన్నాడు. కాసేపు చూసి, ఇంకాసేపు చూసి, మొహమాటంగా దగ్గరికొచ్చాడు.

"అమ్మాయిగారూ, ఆ స్టూలు ఆఫీసు గదిలోదండీ. పని అయిపోతే ఇచ్చేస్తారా?"

"కాస్త ఆగవయ్యా," అన్నారు అమ్మగారు.

పళ్ళమ్మాయి దిగలేదు.